రెండు రోజుల తీరిక, రెండువేల ఏళ్ల ఊళ్లు

ఇంగ్లండు వెళ్లివచ్చిన వాళ్లను "ఏమేం చూశారండీ?" అని అడిగి చూడండి. థేమ్స్ నది మీది వంతెన, గంటల గోపురం, రాజభవనం ముందు ఎర్రకోటు సిపాయిలు, మైనపు బొమ్మల ప్రదర్శన... ఇవే చెబుతారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. చుట్టాలింటికి వెళ్లినవాళ్లు చుట్టాలు ఎక్కడికి తిప్పితే అక్కడికే తిరగాలి గదా! కాని ఆ దేశం పాతకథలు వినాలంటే లండను చాలదు. అక్కణ్ణించి గంటా రెండు గంటల రైలు దూరంలో ఉన్న చిన్న చిన్న ఊళ్లకు వెళ్లాలి. ఒక్కో ఊరికి ఒక శనివారం, ఒక ఆదివారం చాలు. కావలసిందల్లా నడవగలిగే కాళ్లు, చేతిలో గొడుగు, పక్కన విసుక్కోకుండా నడిచే స్నేహితురాళ్లు.

మేం నలుగురం. నేను తప్ప మిగిలిన ముగ్గురూ ఏళ్ల తరబడి అక్కడే కాపురాలు చేస్తున్నవాళ్లు. ఒకామె డాక్టరు, ఒకామె లెక్కల టీచరు, ఇంకొకామె బ్యాంకులో ఉద్యోగం. వాళ్ల ఇళ్లలో మగవాళ్లనీ పిల్లల్నీ ఫ్రిజ్‌లోని గిన్నెలకు అప్పగించి, ప్రతి గిన్నె మీదా ఏ పూటకు ఏదో చీటీ అంటించి, పులిహోర పొట్లాలు కట్టుకుని బయల్దేరేవాళ్లం. ఎన్నేళ్లు గడిచినా, ఏ దేశంలో ఉన్నా, ఆడది ఇల్లు కదలాలంటే ముందు వంట ముగించాల్సిందే కాబోలు!

అన్నట్టు, ఈ 'వీకెండ్' సెలవు కూడా ఇంగ్లీషువాళ్లకు అనాదిగా ఉన్నదేమీ కాదు. మిల్లులు వచ్చిన కొత్తలో ఆదివారం ఒక్కటే విశ్రాంతి, మిగతా ఆరు రోజులూ గొడ్డుచాకిరీ. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకూ, పడుచువయసు వాళ్లకూ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా పని ఆపేయాలని శాసించింది. ఆడకూలీలు వెళ్లిపోతే మగ్గాలు ఎలా నడుస్తాయి? అంచేత మగవాళ్లకూ ఆ పూట దొరికింది. అంతకు ముందే, 1841లో, థామస్ కుక్ అనే ఆయన మనిషికి ఒక షిల్లింగు చొప్పున పుచ్చుకుని ఓ అయిదువందల మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకి ప్రత్యేకం రైల్లో తీసుకువెళ్లాడు. విహారయాత్రకనుకునేరు, మద్యపాన నిషేధం సభకి! అలా ఒక పక్క తీరిక, ఒక పక్క రైలు కలిసి ఇంగ్లీషువాడి వారాంతపు షికారు పుట్టింది. ఆ తీరికకు నాంది పలికింది ఆడకూలీల చట్టం. ఆ దొరికిన అరపూట వాళ్లు షికారెళ్లారా అంటే, చాలామంది ఇంటికెళ్లి బట్టలుతుక్కుని, నేల కడుక్కున్నారు. ఈ సంగతి చెబితే మా డాక్టరమ్మ, "ఇంకేం, మనం వాళ్ల బాకీ తీరుస్తున్నాం" అంది.

మేం మొదట చూసింది యార్క్. లండను నుంచి ఉత్తరంగా రెండు గంటల ప్రయాణం. రైలు దిగి నాలుగడుగులు వేస్తే ఎదురుగా కోటగోడ. ఆ గోడ మీద ఊరి చుట్టూ నడవొచ్చు. దాదాపు మూడున్నర కిలోమీటర్లు. రోమనులు కట్టిన ఊరది. 306లో కాన్‌స్టంటైన్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది అక్కడే. తర్వాత 866లో వైకింగులు వచ్చి పట్టుకున్నారు. వాళ్లు పోయి వెయ్యేళ్లయినా వాళ్ల మాటలు మాత్రం పోలేదు. ఆ ఊళ్లో 'గేట్' అంటే గుమ్మం కాదు, వీధి. గుమ్మాన్ని 'బార్' అంటారు. ఆ సంగతి తెలియకపోతే ఊళ్లో ఇన్ని గేట్లేమిటా అని వెతుక్కుంటూ తిరగాల్సిందే.

కాపర్‌గేట్ అంటే రాగి వీధి కాదు. కొయ్య గిన్నెలు తరిణె పట్టే వాళ్ల వీధి. 1976 నుంచి 1981 వరకూ అక్కడ తవ్వితే నలభైవేల వస్తువులు బయటపడ్డాయి. దువ్వెనలు, పూసలు, చెప్పులు, గిన్నెలు. తడిమట్టిలో గాలి తగలకుండా ఉండిపోవడంతో కొయ్యా తోలూ కూడా చెడిపోలేదు. 1984 నుంచి అక్కడ ఒక ప్రదర్శనశాల నడుస్తోంది. చూసినవాళ్లు కత్తుల గురించి, ఓడల గురించి చెప్పుకుంటారు. మేం నలుగురం మాత్రం ఒక ఉన్ని మేజోడు ముందు ఆగిపోయాం. పదో శతాబ్దం నాటిది. రెండు ఊచలతో అల్లే అల్లిక కాదది. ఒకే సూదితో ముడి వెంట ముడి వేసుకుంటూ పోయే పాతకాలపు పద్ధతి. ఒక్క వరస వెయ్యడానికే ఓర్పు నశిస్తుంది. మా లెక్కల టీచరు అద్దానికి ముక్కు ఆనించి ఆ ముళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ మేజోడు అల్లిన చెయ్యి ఎవరిదో ఏ శాసనంలోనూ లేదు. కాని ఆ చలిలో ఎవరి పాదమో వెచ్చగా ఉండాలని ఎవరో తాపత్రయపడ్డారు. అది మటుకు వెయ్యేళ్లు నిలిచింది.

యార్క్‌లో అందరూ ఫోటోలు తీసుకునే సందు షాంబిల్స్. కొయ్య ఇళ్ల పై అంతస్తులు ముందుకు పొడుచుకు వచ్చి, ఒక మేడలో నుంచి ఎదుటి మేడలో మనిషికి చెయ్యందించేటంత దగ్గరగా ఉంటాయి. అది ఒకప్పటి మాంసం దుకాణాల వీధి. ఎండ తగిలితే మాంసం పాడవుతుందని ఆ ఇరుకు మేలనుకున్నారు. 1872లో కూడా అక్కడ పాతిక దాకా కసాయి దుకాణాలుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. అన్నీ మిఠాయిలూ, బొమ్మలూ.

ఆ వీధి వారి కోడలే మార్గరెట్ క్లిథరో. 1571లో మాంసం వ్యాపారి జాన్ క్లిథరోకు భార్య అయింది. దుకాణం వ్యవహారం కూడా చూసుకునేది. ఆ రోజుల్లో దేశమంతా ప్రొటెస్టెంటు మతం. కాథలిక్ గురువులకు అన్నం పెట్టి ఆశ్రయమిస్తే మరణశిక్ష. భర్త ప్రొటెస్టెంటుగానే ఉన్నా ఈమె కాథలిక్ మతం పుచ్చుకుంది. గురువులను ఇంట్లో దాచింది. 1586 మార్చిలో పట్టుబడింది. కోర్టులో "నేరం చేశావా, లేదా?" అని అడిగితే ఏ జవాబూ చెప్పనంది. జవాబు చెబితే విచారణ జరుగుతుంది. విచారణ జరిగితే కన్నపిల్లలచేతా, పనివాళ్లచేతా ఆమె మీద సాక్ష్యం చెప్పిస్తారు. జవాబివ్వని వాళ్లను పడుకోబెట్టి, మీద తలుపు చెక్క పరిచి, బండలు పేర్చి చంపాలని చట్టం. అది తెలిసే నోరు మెదపలేదు. మార్చి 25న ఆ శిక్ష అమలు చేశారు. అప్పటికామెకు ముప్ఫై ఏళ్లు. మళ్లీ గర్భవతి అని కూడా అంటారు.

1970లో పోపు ఆమెను పుణ్యమూర్తిగా ప్రకటించాడు. షాంబిల్స్‌లో ఒక ఇంటి కింది గదిని ఆమె పేర ప్రార్థన మందిరం చేశారు. ఆమె కాపురమున్నది ఆ ఇంట్లో కాదు, ఎదుటి వరసలో అంటారు. ఎదురూ పక్కా ఎలా ఉన్నా, బయట ఐస్‌క్రీముల సందడి, లోపల నాలుగు బల్లలూ ఒక దీపమూ. మేం కాసేపు కూర్చున్నాం. మతం మాట అటుంచండి. తల్లి మీద బిడ్డచేత సాక్ష్యం చెప్పించే అవసరం రానివ్వకూడదని, అంతటి చావుకు నోరు మూసుకుని సిద్ధపడిందే, ఆ మొండితనం ఏ తల్లికి అర్థం కాదు? యార్క్ మహాదేవాలయంలో టెన్నిస్ కోర్టంత రంగుటద్దాల కిటికీ ఉంది. 1405 నుంచి 1408 వరకూ మూడేళ్లలో జాన్ థార్న్‌టన్ దాన్ని పూర్తిచేస్తే, యాభై ఆరు పౌన్లు ముట్టాయి. ఆ లెక్క భద్రంగా ఉంది. అద్భుతమే, కాదనను. కాని సాయంత్రం బసకు వచ్చాక మేం మాట్లాడుకున్నది ఆ చిన్న గది గురించే.

ఇంకో శనివారం బాత్ వెళ్లాం. పడమటి వైపు గంటన్నర. పేరే స్నానం! భూమిలోంచి నలభై ఆరు డిగ్రీల వేడినీళ్లు రోజుకు పదకొండు లక్షల లీటర్లకు పైగా ఉబికివస్తాయి. రోమనులు రాక ముందే అక్కడివాళ్లు ఆ ఊటను సూలిస్ అనే అమ్మవారిగా కొలిచేవారు. రోమనులు వచ్చి, మీ సూలిస్సూ మా మినర్వా ఒకరేనన్నారు. గ్రామదేవతకు పెద్దదేవత పేరు కలిపి గుడి కట్టడం మనకు కొత్తా? కట్టిన కొలను ఇంకా ఉంది. దిగి స్నానం చెయ్యనివ్వరు గాని, పక్కనే పంప్‌రూములో ఆ నీళ్లు గ్లాసుతో ఇస్తారు. ఇనప సామాను కడిగిన నీళ్లలా ఉంటాయి. డాక్టరమ్మ మాత్రం గటగటా తాగేసింది.

ఆ ఊటలో భక్తులు వేసిన సీసపు రేకులు నూట ముప్ఫై దాకా దొరికాయి. వాటి మీద గీసినవి స్తోత్రాలనుకునేరు, శాపనార్థాలు! చేతి తొడుగుల జత పోగొట్టుకున్న డోసిమెడిస్ అనే ఆసామి, దొంగకు మతీ కళ్లూ రెండూ పోవాలని దేవతకు అర్జీ పెట్టుకున్నాడు. వెండి ఉంగరం పోయిన బసిలియా అనే ఆమె ఇంకాస్త జాగ్రత్తపరురాలు. తీసినవాళ్లనే కాదు, తెలిసీ నోరు విప్పని వాళ్లనూ వదలొద్దంది. ఇది చదివి మేం పగలబడి నవ్వాం. నవ్వాక మా బ్యాంకామె, "ఆమెకి ఉన్న ఆస్తి ఆ ఉంగరమొక్కటేనేమోనే!" అంది. నవ్వు ఆగిపోయింది. రోమను సామ్రాజ్యం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఒక ఇల్లాలి గొంతు ఇంత దగ్గరగా వినిపించదు.

బాత్‌లో అందరూ చూసేది రాయల్ క్రెసెంట్. 1767లో మొదలుపెట్టి 1774కు పూర్తిచేసిన ముప్ఫై ఇళ్ల అర్ధచంద్రాకారపు వరస. దాన్ని చూసి, కిందికి దిగి న్యూకింగ్ వీధిలో 19వ నంబరు ఇల్లు వెతుక్కోండి. 1781 మార్చి 13న విలియం హెర్షెల్ ఆ ఇంటి తోటలోంచి దుర్భిణితో చూసి యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. వృత్తికి సంగీత మాస్టారు. ఆయన చెల్లెలు కరొలిన్‌ను జర్మనీలోని పుట్టింట్లో తల్లి వంటలక్కలా వాడుకుంటుంటే, ఆ స్థానంలో పనిమనిషిని పెట్టుకోవడానికి డబ్బు కట్టి మరీ 1772లో అన్న ఆమెను బాత్‌కు తీసుకొచ్చాడు. పాట నేర్చుకుంది. కచేరీల్లో పాడింది. ఈలోగా అన్నకు ఆకాశం పిచ్చి పట్టింది. దుర్భిణి అద్దానికి మెరుగు పెడుతూ ఒకసారి పదహారు గంటలు చెయ్యి తియ్యకపోతే, ఆమె పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టింది. ఆయన చూసి చెబుతుంటే రాత్రంతా చలిలో రాసుకుంది. ఆ ఇంటి వెనక పనిశాలలో లోహం కరిగించి పోస్తుంటే అచ్చు పగిలి, ఆ సెగకు నేల మీది రాళ్లు బీటలు వారాయి. ఆ బీటలు ఇప్పటికీ చూపిస్తారు. వాటికి రెండడుగుల్లో వంటిల్లు. ఆవిడ రోజంతా ఆ రెంటి మధ్య తిరిగి ఉండాలి.

ఇక్కడితో అయిపోతే మామూలు త్యాగమూర్తి కథే అయ్యేది. కాలేదు. అన్నతో బాత్ విడిచి వెళ్లాక, 1786లో తనే స్వయంగా ఒక తోకచుక్కను కనిపెట్టింది. మొత్తం మీద ఎనిమిది. 1787 నుంచి రాజుగారు ఏడాదికి యాభై పౌన్ల జీతమిచ్చారు. శాస్త్రం పనికి ఇంగ్లండులో జీతం పుచ్చుకున్న మొదటి ఆడమనిషి ఆమే. 1828లో ఖగోళశాస్త్ర సంఘం వాళ్లు బంగారు పతకం ఇచ్చారు.

అదే ఊళ్లో ఇంకో ఆడమనిషికి కథ వేరుగా నడిచింది. జేన్ ఆస్టిన్ తల్లిదండ్రుల పెళ్లి 1764లో బాత్‌లోనే జరిగింది. 1801లో తండ్రి ఉద్యోగం చాలించి ఆ ఊరు చేరాడు. 1805లో పోయాడు. పెళ్లి జరిగిన చర్చిలోనే సమాధి చేశారు. ఇక తల్లీ ఇద్దరు కూతుళ్లూ అన్నదమ్ములు పంపే డబ్బు మీద బతకాలి. ఇల్లు మారినప్పుడల్లా అద్దె తగ్గుతూ, సందు ఇరుకవుతూ వచ్చింది. ఆ చిరునామాలన్నీ ఒక పూటలో నడిచి చూడొచ్చు. సిడ్నీ ప్లేసులో పార్కు ఎదుట మొదలై, చివరికి ట్రిమ్ వీధి చేరేసరికి వాళ్ల సంసారం సంగతి ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది. ఆ ఏళ్లలో ఆమె రాసింది చాలా తక్కువ. మొదలుపెట్టిన నవల ఒకటి మధ్యలో ఆపేసింది. అంతకు ముందే రాసిన ఇంకో నవలను 1803లో ఒక ప్రచురణకర్తకు పది పౌన్లకు అమ్మితే, ఆయన అచ్చు వెయ్యకుండా బీరువాలో పడేశాడు. ఈ పది పౌన్ల మాట కాస్త గుర్తుంచుకోండి.

కట్నం లేని ఆడపిల్లల గతి ఆ కుటుంబానికి కొత్త కాదు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియాను 1752లో ఓడెక్కించి మన మద్రాసుకు పంపారు. తల్లిదండ్రులు లేని పిల్ల. కంపెనీ ఉద్యోగుల్లో మొగుణ్ణి వెతుక్కోవడానికి! నెలల తరబడి సముద్రం మీద వచ్చి, 1753లో కడలూరులో కంపెనీ డాక్టరు హాన్‌కాక్‌ను పెళ్లాడింది. దొరసానులంతా మన దేశానికి పల్లకీలెక్కడానికే వచ్చారనుకుంటాం. పెళ్లి కోసం వచ్చిన అనాథలూ ఉన్నారు మరి.

ఆ పది పౌన్ల కథ ముగిసింది వించెస్టర్‌లో. లండనుకు నైరుతిగా గంట ప్రయాణం. ఒకప్పటి రాజుల ఊరు. నడివీధిలో ఆల్‌ఫ్రెడ్ రాజు కత్తెత్తి నిలబడి ఉంటాడు. అక్కడి మహాదేవాలయం బురదనేల మీద కట్టారు. 1900 తర్వాత కుంగిపోవడం మొదలుపెడితే, విలియం వాకర్ అనే గజ ఈతగాణ్ణి పిలిపించారు. 1906 నుంచి 1911 దాకా, పునాదుల కింద కన్ను పొడుచుకున్నా కానరాని నీళ్లలో దిగి, చేతులతో తడుముకుంటూ, పాతికవేల చిల్లర సిమెంటు కాంక్రీటు బస్తాలు పేర్చి ఆయన గుడిని నిలబెట్టాడు. కృతజ్ఞతగా బొమ్మ చేయించారు. తీరా చూస్తే ముఖం ఆయనది కాదు, ఇంజనీరుగారిది! 2001లో గాని అసలు ముఖంతో కొత్త బొమ్మ రాలేదు. పని చేసినవాడి మొహం ఎవరికీ జ్ఞాపకం ఉండకపోవడం ఆడవాళ్లకే పరిమితం కాదన్నమాట.

వైద్యం కోసమని 1817 మే నెలలో జేన్ ఆస్టిన్ ఆ ఊరు చేరింది. కాలేజ్ వీధిలో 8వ నంబరు. జులై 18న తెల్లవారుజామున అక్క కసాండ్రా దగ్గరుండగా పోయింది. నలభై ఒకటో ఏడు. ఇప్పుడు నా వయసూ ఆ చుట్టుపక్కలే. ఆ రోజుల్లో మర్యాదస్తుల ఇళ్లలో ఆడవాళ్లు శవయాత్రకు వెళ్లే ఆనవాయితీ లేదు. వీధి మలుపు తిరిగేదాకా అక్క కిటికీలోంచి చూస్తూ నిలబడింది. మేం ఆ మలుపు దాకా నడిచాం. ఎంతో దూరం లేదు.

గుడిలో ఉత్తరం వైపు నేల మీద నల్లటి రాయి. ఫలానా ఫాదిరీగారి కూతురని ఉంది. మంచి మనసనీ, నెమ్మదస్తురాలనీ, తెలివైనదనీ, భక్తురాలనీ ఉంది. నవలలు రాసిందని ఒక్క ముక్క లేదు. అప్పటికి నాలుగు నవలలు అచ్చయ్యాయి. వేటి మీదా పేరు వేసుకోలేదు. మేం వంగి రెండుసార్లు చదివాం. పొగడ్తలకేం కొదవలేదు. కాని అవన్నీ ఏ కుటుంబంలోని ఆడపడుచుకైనా రాయదగ్గవే. ఆమెకు మాత్రమే రాయదగ్గ మాటొకటి ఉంటే, దాన్నే వదిలేశారు. దుర్మార్గంతో కాదు. ప్రేమగానే రాయించారు. చదివేకొద్దీ అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఆ లోటు 1872లో మేనల్లుడు తీర్చాడు. ఆమె జీవితకథ రాసి, దాని మీద వచ్చిన డబ్బుతో పక్కగోడకు ఇత్తడి ఫలకం పెట్టించి, రచయిత్రి అని చెక్కించాడు. 1900లో పైన కిటికీకి రంగుటద్దాలు అమర్చారు. "రాయికీ ఇత్తడికీ మధ్య యాభై అయిదేళ్లు," అంది లెక్కల టీచరు. ఆ పది పౌన్ల నవల ఏమైందంటారా? పన్నెండేళ్లు పైగా బీరువాలో మూలిగాక, 1816లో అవే పది పౌన్లు తిరిగిచ్చి ఇంటికి తెచ్చుకున్నారు. అచ్చయి వచ్చేసరికి ఆమె లేదు.

బయట హోటల్లో టీ తాగి డబ్బులివ్వబోతూ మా బ్యాంకామె సంచిలోంచి ఒక పది పౌన్ల నోటు తీసింది. 2017లో, ఆమె పోయి రెండొందల ఏళ్లయిన రోజున, ఆ గుడిలోనే ఆవిష్కరించిన నోటది. రాజుగారి కాలంలో అచ్చువేసినవాడు బీరువాలో పడేసిన ఆమె బొమ్మే దాని మీద, తలకు టోపీతో.

"రోజూ కట్టలు కట్టలు లెక్కపెడతానే, మొహం కేసి చూసిన పాపాన పోలేదు" అంటూ కిటికీ వెలుగులో పెట్టుకుని చూసింది. తర్వాత దాన్ని మడిచి పర్సులో వేరే అరలో పెట్టుకుంది. టీకి చిల్లర మేం ముగ్గురం పోగుచేసి ఇచ్చాం.